రెండు తలుపుల కారు, రాళ్ళెక్కే జీపు, మొగిలి ఘాటు

తిరుపతి వెళ్ళొచ్చామని తెలియగానే మా వీధిలో ప్రతివాళ్ళూ కుడిచెయ్యి చాచారు. లడ్డూలు తేలేదంటే నవ్వారు. కొండే ఎక్కలేదంటే నమ్మలేదు. "తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా ఎలా వచ్చారమ్మా, మనసెలా ఒప్పింది?" అని పక్కింటి భాస్కరమ్మ గారు ముక్కుమీద వేలేసుకున్నారు. అందుకే ఆ నాలుగు రోజులూ మేం ఏం చేశామో వివరంగా రాసేస్తున్నాను. మేం వెళ్ళింది బండి కోసం. సరిగ్గా చెప్పాలంటే, రెండు బండ్లలో ఏదో ఒకదాని కోసం.

మాది కాకినాడ. మా ఆయన ప్రసాద్‌కి హార్బరు దగ్గర పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డుంది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పిచ్చి పాత బండ్లు. మా నాన్నగారి స్కూటరుతో మొదలై, ఒక మోటారు సైకిలు, ఆ పైన ఒక నల్ల కారు దాకా పాకింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇంకొక్క బండికే చోటుంది. ఆ చోటు కోసం ఏడాదిగా ఇద్దరికీ తగువు. నాకు జపాను వాళ్ళు చేసిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కావాలి. నేలకి ఆనుకున్నట్టు ఉండి, మీట నొక్కితే ముందు దీపాలు బానెట్టులోంచి పైకి లేస్తాయే, ఆ రకం. ఆయనకి రాళ్ళూ ఇసకా వాగులూ లెక్కచెయ్యకుండా పరిగెత్తే పోటీ జీపు కావాలి. రెండూ చిత్తూరు వైపే అమ్మకానికి ఉన్నాయని పాత బండ్ల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది.

"రెండూ నడిపి చూద్దాం. అక్కడే తేల్చుకుందాం. కాకినాడ వచ్చాక మళ్ళీ ఈ గొడవ ఎత్తకూడదు," అన్నారాయన. సరేనన్నాను. కాలేజీకి ఇంకా సెలవులే కాబట్టి జూన్ మొదట్లో రైలెక్కాం.

తిరుపతి

పొద్దున్నే దిగితే స్టేషను బయట జనమంతా ఒకే దిక్కుకి నడుస్తున్నారు. గుండ్లు చేయించుకుని దిగొచ్చినవాళ్ళు ఒకపక్క, జుట్టుతో ఎక్కబోయేవాళ్ళు ఇంకోపక్క. ఎదురుగా ఒక చిన్న హోటల్లో పొంగలి తిన్నాం. మా వైపు పొద్దున్నే పెసరట్టు పడకపోతే రోజు మొదలవదు. ఇక్కడ నేతిలో మిరియాలు తేలుతున్న పొంగలి తిన్నాక మళ్ళీ పడుకుంటే బాగుణ్ణనిపించింది. ధర మాత్రం మా ఊరికంటే నయం. పైగా చట్నీ అయిపోతే అడగకుండానే వేశారు.

ఆటోవాడు సంచులు అందుకుంటూ, "కొండకేనాక్కా?" అన్నాడు.

"కాదు. తిరుచానూరు."

"ఓ, ముందు అమ్మవారి దర్శనమా. మంచిది."

"గుడికి కాదు బాబూ. ఒక కారు చూడాలి."

అతను వెనక్కి తిరిగి మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూశాడు. "కారు కొనేదానికి ఆటోలో పోతుండారా! సరే, ఎక్కండి. రేపట్నించి మీరు నాకు హారను కొడతారు, యాడ పోతాది," అన్నాడు. దారంతా ఏ కారైతే మంచిదో చెబుతూనే ఉన్నాడు. అతని లెక్కలో మంచి కారంటే ఎనిమిది మంది పట్టేది. నేను చూడబోయేదాంట్లో ఇద్దరే పడతారని చెప్పడానికి ధైర్యం చాలలేదు.

తిరుచానూరు

లాడ్జీలు, పూలంగళ్ళు దాటాక ఒక సందు చివర డాక్టర్ పంకజం గారి ఇల్లు. ఆవిడకి డెబ్బై దాటాయి. పిల్లల డాక్టరు. మలేషియాలో చాలా ఏళ్ళు పనిచేసి, భర్తతో కలిసి వెనక్కి వచ్చేసేటప్పుడు అక్కడ వాడుకున్న కారుని కూడా ఓడలో తెచ్చుకున్నారట. ఆయన పోయి కొన్నేళ్ళయింది. గేటు తీస్తూనే ఆవిడ మొదట అడిగిన మాట, "తోలేది ఎవరు?"

"నేనేనండి," అన్నాను.

ఆవిడ మొహం విచ్చుకుంది. "ఇంతకుముందు వచ్చినోళ్ళంతా మొగోళ్ళు. ఎవురూ బండి స్టార్ట్ చెయ్యమని అడగలా. నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు, ఎంతకిస్తారన్నారు. రా, చూపిస్తా."

ముసుగు గుడ్డ తీశారు. ముదురు ఎరుపు రంగు. తలుపుల సందుల్లో, చక్రాల గూళ్ళలో ఎక్కడా తుప్పు లేదు. సేకరించేవాళ్ళు ముందుగా చూసేది బండి ఎంత మెరుస్తోందని కాదు, ఎంత మారకుండా ఉందని. రంగు కంపెనీలో వేసిందే. ఇంజను మీది నంబరూ కాగితాల్లోదీ ఒకటే. సీటు తోలు కాస్త పగిలింది కానీ మార్చలేదు. మీట నొక్కితే దీపాలు రెండూ ఒకేసారి, అలసట లేకుండా లేచాయి. నేను ఫిజిక్స్ లెక్చరర్ని అన్న సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టాను.

మా ఆయన ఆరడుగుల మనిషి. ఎక్కి కూర్చోబోతే మోకాళ్ళు స్టీరింగుకి అడ్డం పడ్డాయి. తల లోపల పెడితే కాళ్ళు పట్టవు, కాళ్ళు పెడితే తల పట్టదు. డాక్టరుగారు నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నారు.

"మీరెందుకు అమ్ముతున్నారండీ?" అని అడిగాను.

ఆవిడ కాసేపు అద్దం తుడిచారు. "ఆయన పొయినంక ఒకసారి టౌనుకి తీసకపోయినా. బజార్లో ఒక ఆటో తగిలింది. తప్పు ఆటోదే, గీత కూడా పడలా. జనం మూగినారు. వాళ్ళలో ఒకడు, 'ఈ వయసులో ఈ ముసిలామెకు ఇది యాలప్పా?' అన్న్యాడు. ఇంటికొచ్చి గేటేసినా. అంతే. అప్పట్నించి వారానికోసారి స్టార్ట్ చేసి, ఈడ్నుంచి గేటు దాకా, గేటు నుంచి ఈడికి. బండి పాడైపోతాది అమ్మాయ్. తోలేవాళ్ళకిచ్చేస్తే మేలు."

చిత్తూరు దాకా నడిపి చూస్తామంటే ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. "నా బండి యాడికి పోతే నేనాడికి వస్తా." సీట్లు రెండే. మా ఆయన సంచులు భుజాన వేసుకుని బస్టాండుకి బయల్దేరారు.

పాకాల దారి

చంద్రగిరి దాటేదాకా కారు నేలమీద పాకుతోందా ఎగురుతోందా అన్నట్టుంది. గేరు మణికట్టు కదిపితే పడుతోంది. మలుపులో స్టీరింగు ఎంత తిప్పితే అంతే తిరుగుతోంది, వెంట్రుకవాసి ఎక్కువా లేదు తక్కువా లేదు. పెద్దరోడ్డు వదిలి ఊళ్ళలోకి మళ్ళాకే అసలు కథ. ఊరికి రెండు స్పీడ్ బ్రేకర్లు, ఒక్కోటీ చిన్న గుట్టంత. కారు పొట్ట నేలకి జానెడు. ప్రతిదాని ముందూ ఆగి, ఐమూలగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా దాటించాలి.

"గమ్మునుండు, గమ్మునుండు, ఇబుడు కుడిపక్కకు," అని డాక్టరుగారు పక్కనుంచి చెబుతున్నారు. అయినా ఒకచోట కింద కర్రుమంది. నా పొట్ట గీరుకున్నట్టయింది.

అలా ఒక బ్రేకరు మీద వంకరగా ఆగి ఉండగా వెనకనుంచి బస్సు వచ్చి, హారన్ కొట్టి, పక్కనుంచి దాటిపోయింది. కిటికీలో మా ఆయన. చేతిలో సగం తిన్న జామకాయ. పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకులా చెయ్యూపారు. రోడ్డు మీద ఇంతకంటే వేగమైన బండి లేదని ఏడాదిగా నేను వాదిస్తున్న కారుని పల్లెవెలుగు బస్సు దాటేసింది.

దామలచెరువు దగ్గర మామిడికాయల మండీలు. రోడ్డుకి రెండు పక్కలా గుట్టలు, ట్రాక్టర్లు, లారీలు, గాల్లో పచ్చివాసనా పండువాసనా కలిసిపోయి ఉన్నాయి. మా వైపు మామిడంటే బంగినపల్లీ, కొత్తపల్లి కొబ్బరి. ఇక్కడ అందరి నోటా తోతాపురే, ముక్కు వంకర కాయ. రసం ఫ్యాక్టరీలకి పోయేది అదేనట.

పాకాలలో టీకి ఆగాం. డాక్టరుగారు పుట్టి పెరిగిన ఊరు అది. "మా నాయన ఈడ రైల్వేలో పనిచేసినాడు. చిన్నప్పుడు బొగ్గింజను డ్రైవరు నన్ను ఎత్తి ఇంజన్లో కూసోబెట్టి, యార్డు చివరిదాకా తీసకపోయినాడు. దిగమంటే ఏడ్చినా. అప్పట్నించీ నాకు ఈ యంత్రాల మీద మోజు," అన్నారు. ఆవిడ ఆ మాట చెబుతుండగానే కారు చుట్టూ పదిమంది చేరారు. మైలేజీ ఎంత, రేటెంత, ఏ దేశందీ. ఒక పెద్దాయన వంగి లోపలికి చూసి, "ఇందులో కూసోవాలంటే పండుకోవాల్సిందేనా?" అన్నాడు. దీపాలు లేపి చూపిస్తే మాత్రం అందరూ ఒక్కసారి "ఆ!" అన్నారు. పెద్దాయన ఇంకోసారి లేపమన్నాడు.

చిత్తూరు

బస్టాండు దగ్గర మా ఆయన రెండు టీలు తాగి, దినపత్రిక మొత్తం చదివేసి కూర్చున్నారు.  గడియారం వైపు ఒకసారి చూశారంతే.

ఆ రాత్రి మెస్సులో రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి. ఊరుబిండి అంటే వేయించిన వేరుశనగపప్పుతో బరగ్గా నూరిన పచ్చడి. వేరుశనగ పచ్చడి ఇంకాస్త వెయ్యమంటే వడ్డించే అతనికి అర్థం కాలేదు. "శెనక్కాయలంటే సెప్పాలక్కా!" అన్నాడు. సంగటిని నమలకూడదు, పులుసులో ముంచి మింగాలని డాక్టరుగారు నేర్పారు. మా గోదారివాళ్ళకి మింగడమన్నది మందుబిళ్ళలకే అలవాటు. మూడో ముద్దకి పట్టుబడింది. ఆవిడ ఆ రాత్రి ఊళ్ళో చుట్టాలింటికి వెళ్ళారు, మేం లాడ్జీలో పడుకున్నాం.

బంగారుపాళెం తోట

రెండో రోజు జీపు వంతు. డాక్టరుగారూ నేనూ కారులో, మా ఆయన మళ్ళీ బస్సులో వెళ్ళాం. బంగారుపాళెం దగ్గర మామిడితోటలో మునిరత్నం అనే రైతుది. నలభై ఐదేళ్ళుంటాయి, బలమైన మనిషి, కానీ కుర్చీలోంచి లేచేటప్పుడు నడుం పట్టుకుని లేస్తున్నాడు.

"బెంగళూరు జట్టోళ్ళు ఎడారి పందేలకని కట్టుకున్న బండి అన్నా ఇది," అని మా ఆయనకి చెప్పాడు. "వాళ్ళ దగ్గర కొని నేను కొండ పోటీలకి తీసకపోతా ఉంటి. ఎగిరి ఎగిరి నడుం పాయె. ఇంక ఎక్కితే మంచం పడతావని డాక్టర్లు సెప్పినారు. నిలబెట్టేదానికి మనసొప్పదు. బురద పూసేవాడికే ఇస్తా."

జీపు నా నడుమెత్తు టైర్ల మీద నిలబడి ఉంది. అడుగున మూరెడు ఖాళీ. చక్రం చక్రానికీ చెయ్యంత లావు స్ప్రింగులు, పక్కనే కుదుపులు మింగే నూనె గొట్టాలు. ఎరుపు కారు దగ్గర గీత లేకపోవడం విలువైతే, ఇక్కడ గీతలే విలువ. ఏ గీత ఏ పోటీలో పడిందో మునిరత్నానికి గుర్తు. పోటీల్లో దిగిన ఫొటోలూ అతికించిన నంబర్లూ ఉన్నాయి కాబట్టే సేకరించేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. రంగు వేయిస్తే దాని చరిత్ర చెరిపేసినట్టే.

తోట వెనక ఎండిన వాగు. మా ఆయన స్టీరింగు పట్టుకున్నారు, పక్కన మునిరత్నం దిండు ఆనించుకుని కూర్చున్నాడు, నేను వెనక. గుండ్రాళ్ళ మీద చక్రం ఒకటి పైకి లేస్తే ఇంకోటి గోతిలోకి దిగుతోంది, అయినా మా సీట్లు పెద్దగా ఊగడం లేదు. తరవాత ఇసక పట్టు వచ్చింది. "ఇబుడు తొక్కన్నా!" అన్నాడు మునిరత్నం. మా ఆయన తొక్కారు. పెళ్ళయినప్పటినుంచీ చూస్తున్నాను, ఆయన నోటినుంచి అంత పెద్ద కేక ఎప్పుడూ వినలేదు. నాకు కూడా కేక వచ్చింది కానీ అది వేరే రకం.

ఆగాక, ఆ ఎత్తు చూసుకోకుండా దూకాను. ఎడమ పాదం రాయి మీద వంకరగా పడింది. కళ్ళముందు చుక్కలు. డాక్టరుగారు పరుగెత్తుకొచ్చి, చీలమండ అటూ ఇటూ కదిపి చూశారు. "ఇరగలా. బెణికింది." మునిరత్నం తువ్వాలు అడిగి బిగించి కట్టారు. "వారం పది దినాలు నేలమీద బరువు పెట్టాకు. క్లచ్చి మాట మర్చిపో."

ఆ సాయంత్రం మునిరత్నం వాళ్ళింటి వసారాలో కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాను. అతని భార్య అలసందల వడలు చేసి పెట్టారు. పంచాయతీ మొదలైంది. కారుకి కాకినాడ ఉప్పుగాలి పడదని ఆయన, జీపుకి కాకినాడలో ఎక్కడానికి ఏముందని నేను. కారు విడిభాగాలు జపాను నుంచి తెప్పించాలని ఆయన, జీపు డీజిలు తాగుతుందా పీలుస్తుందా అని నేను. చివరికి ఆయనే వడ తుంచుతూ ఆగిపోయారు.

"నిజమే శశీ. దీన్ని తీసుకెళ్ళి ఏం ఎక్కిస్తాను? వరిగట్టా? కారు రోజూ నడపొచ్చు. నీ కాలు కూడా నా బండి మూలంగానే బెణికింది. కారే తీసుకుందాం."

ఏడాదిగా ఎదురుచూసిన మాట. డాక్టరుగారి చెయ్యి పట్టుకుని, "మీ కారు నాదేనండీ," అన్నాను. ఆవిడ నా చేతిమీద తట్టి, సంతోషం అన్నారు. మునిరత్నం, "సరేలే అన్నా, ఇంకెవురన్నా బురద మనిషి రాకపోతాడా," అన్నాడు.

మొగిలి ఘాటు

రెండు బండ్లనీ పలమనేరు దారిలో ఉన్న మొగిలి ఘాటు కొండరోడ్డు ఎక్కించాలన్నది మొదట్నుంచీ మా పథకం. బేరం తేలిపోయింది కాబట్టి ఆ పని లేదనుకున్నాను. పైగా కారుని నడిపేవాళ్ళు లేరు. నాకు క్లచ్చి కుదరదు, మా ఆయన అందులో పట్టరు, మునిరత్నం నడుం అంత కిందికి వంగదు. కారుని తిరుచానూరు చేర్చడానికి చిత్తూరు నుంచి డ్రైవర్ని పిలుస్తానని మర్నాడు పొద్దున మునిరత్నం ఫోను తీశాడు.

"పిలవొద్దప్పా," అన్నారు డాక్టరుగారు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు సవరించుకున్నారు. "ఘాటు ఎక్కాలనుకుంటివి కదమ్మాయ్. ఎక్కుదాం. రేపట్నించి నీ బండి. ఈ ఒక్క దినం నాది."

నేను పక్క సీట్లో కూర్చున్నాను. తోట గేటు దగ్గరే కారు రెండుసార్లు ఆగిపోయింది. హైవే ఎక్కాక వెనకనుంచి లారీ హారన్ కొడితే ఆవిడ భుజాలు చెవుల దాకా లేచాయి.  వెనక్కి వెళ్ళిపోదామందామనుకున్నాను కానీ ఎందుకో ఊరుకున్నాను. అద్దంలో చూస్తే మా ఆయనా మునిరత్నమూ ఉన్న జీపు మమ్మల్ని తోసుకురాకుండా దూరంగా వస్తోంది.

ఘాటు మొదలైంది. మొదటి మలుపు భయంగా తిరిగారు. రెండోదానికి గేరు తగ్గించి, ఇంజను మీద బండిని పట్టి ఉంచి, మలుపు మధ్యనుంచి మెల్లగా వేగం అందుకున్నారు. ఆ తరవాత నేను మలుపులు చూడటం మానేసి ఆవిడ కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. చెప్పులు విప్పేసి, ఒట్టి పాదాలతో తొక్కుతున్నారు. ఏదో తమిళ పాట సన్నగా అంటున్నారు. మధ్యలో ఆపి, "చూడు, ఈడ రవంత గుంత ఉంటాది," అంటారు, మళ్ళీ పాట.

పైకి చేరబోతుండగా మలుపు తిరిగేసరికి రోడ్డంతా పచ్చగా, పసుపుగా ఉంది. తోతాపురి కాయలు. ఫ్యాక్టరీకి పోయే మినీ లారీ ఒకటి పక్కకి ఒరిగి, సగం లోడు రోడ్డు మీద పోసేసింది. ముందు వెళ్ళిన బండ్ల కింద నలిగి నేలంతా గుజ్జు. మా వెనక చక్రాలు ఆ గుజ్జు మీదికి వచ్చాయి. కారు వెనక భాగం రోడ్డంచు గోడ వైపుకి కొట్టుకుపోతోందని నా నడుముకి ముందు తెలిసింది. నా కుడికాలు, బ్రేకు లేని చోట, నేలని గట్టిగా తొక్కింది.

డాక్టరుగారు బ్రేకు మీద కాలు పెట్టలేదు. జారుతున్న వైపుకే స్టీరింగు తిప్పి, యాక్సిలరేటరు మీద వేలితో నొక్కినంత ఒత్తిడి ఉంచారు. కారు ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి, ముక్కు తిన్నగా పెట్టుకుంది. గోడకి జానెడు దూరం కూడా లేదు. పొడినేల మీద పక్కకి తీసి ఆపారు. ఇలా జారినప్పుడు ఏం చెయ్యాలో ప్రతి ఏడూ పిల్లలకి బోర్డు మీద గీసి చెబుతాను. నేనే ఆ సీట్లో ఉంటే బ్రేకు తొక్కేసేదాన్ని. గోడకి తగిలేవాళ్ళం.

ఆవిడ వంగి, చెప్పులు వెతికి తొడుక్కున్నారు.  

అప్పటికే జీపు గుజ్జునీ కాయల్నీ లెక్కచెయ్యకుండా దాటి వచ్చింది. లారీ డ్రైవరు బయటే కూర్చుని ఉన్నాడు, మోచెయ్యి గీసుకుపోయిందంతే. డాక్టరుగారు వెళ్ళి అతన్ని తలనుంచి కాలిదాకా చూసి, నీళ్ళతో గాయం కడిగారు. జీపు ముందు బంపరుకి ఉక్కుతాడు చుట్టే యంత్రం ఒకటుంది. మునిరత్నం దూరంగా నిలబడి చెబుతుంటే మా ఆయన తాడు లాగి లారీకి తగిలించారు. ఇంజను గట్టిగా గుర్రుమంది. లారీ మూలిగి, ఊగి, నాలుగు చక్రాల మీద నిలబడింది. ఆగిన బండ్లవాళ్ళంతా ఈలలు వేశారు.

లోడు తాలూకు రైతు వెనక మోటారు సైకిలు మీద వచ్చాడు. రోడ్డు చూసి నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే జనం బాగున్న కాయలన్నీ ఏరి క్రేట్లలోకి ఎత్తారు. బస్సు ప్రయాణికులూ, కార్లవాళ్ళూ, కొండ దిగొచ్చిన గుండు యాత్రికులూ. ఏరగా మిగిలినవి చూపించి రైతు, "ఇంక ఇవి ఫ్యాక్టరీకి పనికిరావప్పా. తినండి, తీసకపోండి," అన్నాడు. మాకు ఒక బుట్టెడు పెట్టాడు.

పలమనేరు

ఘాటు ఎక్కగానే గాలి చల్లబడింది. జూన్లో కాకినాడలో ఉక్కతో ఉడికే మాకు అది వేరే దేశంలా ఉంది. పలమనేరులో టీ, బన్నులు తీసుకున్నాం. డాక్టరుగారు కారుని కిటికీలోంచి కనిపించేలా పెట్టి, దాన్నే చూస్తూ తాగారు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పదేళ్ళు తగ్గినట్టున్నారు.

"కాగితాలు ఇంట్లో ఉండాయి. రేపు తిరుచానూరు వస్తే సంతకాలు పెట్టేస్తా," అన్నారు.

నాకు టీ చేదుగా అనిపించింది. ఆ కారు నాకెంత ఇష్టమో నాకే తెలుసు. నోరు మూసుకుంటే రేపటికి నాది. మా ఆయన వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నారు.

"డాక్టరుగారూ, ఆ కారు నాకివ్వకండి," అన్నాను.

ఆవిడ గ్లాసు దించారు. "యాల? నిన్న కావాలంటివే. బండిలో ఏమన్నా దోషం కనపడిందా?"

"బండిలో ఏ దోషమూ లేదండి. అది మీ బండి. ఇవాళ చూశాను కదా."

"ముసిల్దాని మీద జాలి పడుతుండావా?" గొంతు గట్టిగానే ఉంది. మునిరత్నం బన్ను నమలడం ఆపాడు.

"జాలైతే కొనుక్కుని, నెలకోసారి ఫోన్ చేసి బాగున్నారా అని అడిగేదాన్ని. ఆ గుజ్జు మీద నేనుంటే ఇప్పుడు గోడలో ఉండేవాళ్ళం. మీరు నడపలేక అమ్మేస్తున్నారంటే తీసుకునేదాన్ని. నడపగలిగిన మనిషి దగ్గర్నుంచి ఎలా తీసుకెళ్ళను?"

 ఆవిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "బజార్లో ఆ మాటన్నోడి మొగం కూడా నాకు గుర్తు లేదు," అన్నారు. "ఎవుడో. వాని మాటకి ఇన్నేండ్లు గేటేసుకోనుంటి."

"మాట ఇచ్చినా గదా అమ్మాయ్ నీకు," అన్నారు మళ్ళీ.

"మాట నాది. నేనే వెనక్కి ఇచ్చేస్తున్నాను."

"నా చేత కాని దినం ముందు నీకే ఫోన్ చేస్తా."

"అప్పటికి నాకు కూడా అందులో వంగి కూర్చోడం చేతకాదేమోనండి," అన్నాను. ఆవిడ పకపకా నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

తోడు వస్తామంటే ఒప్పుకోలేదు. "నా యెనక ఎవురూ రావద్దు," అన్నారు. మామిడిపళ్ళ బుట్టని పక్క సీట్లో పెట్టి, దానికి సీటుబెల్టు బిగించి, తిరుపతి వైపు తిప్పారు. మలుపు దగ్గర దీపాలు రెండూ ఒకసారి లేచి పడుకున్నాయి. సాయంత్రం ఫోన్ వచ్చింది. "చేరినా. పాకాలలో ఆగి టీ కూడా తాగినా, ఒక్కదాన్నే. కారు చుట్టూ మూగినారు. గమ్ముగా తాగేసి వచ్చినా."

తిరుగు దారి

ఇక మిగిలింది మా షెడ్డులో ఖాళీ చోటు. ఆ రాత్రి మునిరత్నం వాళ్ళింట్లో భోంచేస్తూ మా ఆయన జీపు ఊసెత్తలేదు. పప్పు బాగుందన్నారు, వానలు ఎప్పుడొస్తాయన్నారు, మామిడి ధరలు అడిగారు. చివరికి నేనే మునిరత్నాన్ని అడిగాను.

"నిన్న వద్దన్నాం. ఇవాళ అడిగితే ఇస్తావా?"

"లారీని లేపినప్పుడు అన్న మొగం సూసినా గదక్కా. అప్పుడే ఇయ్యాలనిపించింది," అన్నాడు. "ఉప్పుగాలి తగిలితే వారానికోసారి కడగండి. బురద తగిలితే మాత్రం అట్లనే ఉంచండి."

పొద్దున్నే బయల్దేరాం. మునిరత్నం టైర్లని ఒక్కోదాన్నీ చేత్తో తట్టి, ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మేం కనుమరుగయ్యేదాకా నిలబడలేదు. నిలబడలేకపోయాడనుకుంటాను.

నేను పక్క సీట్లో, కట్టు కట్టిన కాలు ముందుకి చాపుకుని. పెద్దరోడ్డు మీద జీపు చాలా మొరటు. టైర్ల హోరుకి మాట వినపడదు, గాలి ఎక్కడెక్కడినుంచో కొడుతుంది. నిన్నటి కారు గుర్తొచ్చి దారిలో ఒకటి రెండుసార్లు మొహం అటు తిప్పుకున్నాను. మా ఆయన చూడనట్టే ఉన్నారు. ఆనందంగా ఉన్న మనిషి, ఆనందం దాచుకోడానికి అంత కష్టపడటం నేనెప్పుడూ చూడలేదు.

నెల్లూరు దాటాక ఒక టీ బంకు దగ్గర ఆగాం. నేను దిగలేదు. బంకు దగ్గర కూర్చున్న నలుగురూ లేచొచ్చి జీపు చుట్టూ తిరిగారు. ఒకతను టైరు ఎత్తు కొలుచుకుని, మా ఆయన్ని అడిగాడు, "బండి మీదేనాండీ?"

ఆయన టీ గ్లాసులు రెండూ పట్టుకుని ఇటు వస్తున్నారు.

"మా ఆవిడది," అన్నారు. "ఆవిడ కాలు బెణికింది. బాగయ్యేదాకా నేను తోలుతున్నాను."

కిటికీలోంచి నాకు గ్లాసు అందించి, జేబులోంచి తాళాలు తీసి నా ఒళ్ళో పెట్టారు. అందరూ నా వైపు తిరిగారు. మైలేజీ ఎంతని అడిగారు. తెలిసినంతవరకూ చెప్పాను.